ఆకాశంలో గతుకులు

నేల మీద రోడ్డుకు గుంతలు పడతాయి. వానకు పడతాయి, లారీలకు పడతాయి, కాంట్రాక్టరు పుణ్యమా అని కూడా పడతాయి. ఆకాశంలో అసలు రోడ్డే లేదు కదా, మరి విమానం ఎందుకు ఎగిరెగిరి పడుతుంది? సైన్సు మీద ఆసక్తి ఉన్న హాస్టల్ తమ్ముళ్లు, చెల్లెళ్లు ఎవరు కనిపించినా ఈ ప్రశ్న అడుగుతున్నారు.

అడగడానికి కారణం ఉంది. ఈ హాస్టల్లో చదివి బయటకు వెళ్లినవాళ్లలో చాలామందిమి ఇప్పుడు విమానం ఎక్కుతున్నాం. కొందరు ఇంటర్వ్యూకని ఢిల్లీ వెళ్లారు, కొందరు గల్ఫ్ వెళ్లారు, కొందరు పై చదువులకు సముద్రాలు దాటారు. మన ఇళ్లల్లో అంతకు ముందు విమానం ఎక్కినవాళ్లు లేరు కాబట్టి, ఏది మామూలు కుదుపో ఏది ప్రమాదమో చెప్పే పెద్దదిక్కు మనకు ఉండదు. మొదటిసారి ఎక్కి వచ్చినవాళ్ల కబుర్లలో మాత్రం ఒక మాట తప్పకుండా ఉంటుంది. "విమానం గాలి గుంతలో పడిందిరా, గుండె గుభేల్మంది" అని. ఆ మాట విని, తర్వాతి ప్రయాణానికి రైలే నయమని తేల్చుకున్నవాళ్లు కూడా మనలో ఉన్నారు. అందుకే ఈ సంచికలో ఆ గాలి గుంత సంగతి రాద్దామనుకున్నాం. ఊరికే సిద్ధాంతం చెబితే నిద్ర వస్తుంది. జరిగిన ఒక సంఘటనను పట్టుకుని చెబుతాం.

2024 మే 20 రాత్రి లండన్ నుంచి సింగపూర్ ఎయిర్‌లైన్స్ వారి ఎస్‌క్యూ 321 విమానం బయలుదేరింది. బోయింగ్ 777 రకం పెద్ద విమానం. అందులో 211 మంది ప్రయాణికులు, 18 మంది సిబ్బంది ఉన్నారు. యూరప్ దాటి, మన దేశం మీదుగా వచ్చి, బంగాళాఖాతం దాటి మర్నాడు మధ్యాహ్నానికి మయన్మార్ దక్షిణ భాగం మీదకు చేరింది. అప్పటికి పది గంటలుగా ప్రయాణం సాఫీగా సాగుతోంది. ఎత్తు 37,000 అడుగులు. అక్కడ కొద్ది సెకన్లపాటు విమానం తీవ్రమైన కుదుపులకు గురైంది. ఒక వృద్ధ ప్రయాణికుడు చనిపోయారు. ఆయనకు గుండెపోటు వచ్చి ఉంటుందని అధికారులు చెప్పారు. ఎంతోమందికి తలకు, వెన్నెముకకు గాయాలయ్యాయి. విమానాన్ని బ్యాంకాక్‌కు మళ్లించి దించారు. సామాన్లు పెట్టే అరలు పగిలి, పైకప్పు పలకలు ఊడి వేలాడుతున్న ఫొటోలు మర్నాడు పేపర్లన్నింటిలో వచ్చాయి. వాటి పక్కనే "6,000 అడుగులు కింద పడిపోయిన విమానం" అన్న మాట కూడా వచ్చింది.

ఆ మాట నిజమా కాదా అని చూసే ముందు, విమానం అంత ఎత్తున ఎందుకు ఎగురుతుందో తెలుసుకోవాలి.

37,000 అడుగులంటే సుమారు 11,280 మీటర్లు. మన సాంఘిక సంక్షేమ గురుకులాల పిల్లలు మాలావత్ పూర్ణ, ఆనంద్ కుమార్ 2014 మే 25న ఎక్కిన ఎవరెస్టు శిఖరం 8,849 మీటర్లు. అంటే ఆ ఇద్దరూ నిలబడిన చోటు కన్నా ఇంకా రెండున్నర కిలోమీటర్ల దాకా పైన విమానం పోతుంది. అక్కడ గాలి పీడనం మన నేల మీద ఉన్నదానిలో నాలుగో వంతు కూడా ఉండదు. చలి సున్నాకు దిగువన 50 డిగ్రీలు దాటుతుంది. గాలి పలచగా ఉంటే విమానానికి అడ్డు తక్కువ, ఇంధనం ఆదా అవుతుంది. వాన, మబ్బు, ఉరుముల్లో ఎక్కువ భాగం కిందనే ఉండిపోతాయి. గంటకు సుమారు 900 కిలోమీటర్ల వేగంతో పోతున్నా చేతిలో టీ కప్పు తొణకదు. మామూలు రోజుల్లో సంగతి ఇది.

అయితే "ఎక్కువ భాగం కిందనే" అన్నాం చూడండి, అక్కడే ఉంది తిరకాసు. చలి దేశాల్లో ఉరుము మేఘాలు సాధారణంగా పది, పన్నెండు కిలోమీటర్ల దగ్గర ఆగిపోతాయి. మన వైపు, అంటే భూమధ్యరేఖకు దగ్గరగా ఉన్న దేశాల్లో అవి 15 కిలోమీటర్లు దాటి కూడా పెరుగుతాయి. విమానం వాటి మీద నుంచి దాటిపోలేదు, చుట్టు తిరిగి పోవాలి.

ఈ మేఘం పేరు క్యుములోనింబస్. పేరు కొత్తగా ఉన్నా మనిషి మనకు పాతవాడే. మే నెలలో మిట్టమధ్యాహ్నం దాకా ఎండ పేలిపోతుంది, ఆకు కదలదు. మూడు గంటల వేళ పడమటి దిక్కున దూది గుట్టలా తెల్లటి మబ్బు లేస్తుంది. చూస్తుండగానే పైకి పైకి పెరిగి, అడుగు నల్లబడుతుంది. కాసేపటికి దుమ్ము లేపుతూ గాలి, వెనకనే పెద్ద చినుకులు, వడగళ్లు. తోటల్లో మామిడికాయలు రాలిపోతాయి. హాస్టల్ డాబా మీద ఆరేసిన దుప్పట్ల కోసం మనమంతా పరుగులు తీసేది ఆ గాలివానకే.

ఆ మబ్బు లోపల జరిగేది ఇది. ఎండకు కాగిన నేల తన మీది గాలిని వేడెక్కిస్తుంది. వేడి గాలి తేలిక కాబట్టి పైకి లేస్తుంది. ఆ గాలిలో ఉన్న ఆవిరి పైకి పోయి చల్లబడి నీటి బిందువులుగా మారుతుంది. అలా మారేటప్పుడు తన గుప్తోష్ణాన్ని గాలికి ఇచ్చేస్తుంది. దాంతో గాలి మళ్లీ వేడెక్కి ఇంకా పైకి తన్నుకుపోతుంది. పొయ్యి మీద ఎసరు కుతకుతలాడినట్టు ఉంటుంది ఆ మేఘం. బలమైన మేఘాల్లో పైకి లేచే గాలి వేగం సెకనుకు 30 మీటర్లు, అంటే గంటకు 100 కిలోమీటర్లు కూడా దాటుతుంది. పైకి పోయిన గాలికి పక్కనే కిందికి దిగే గాలి కూడా ఉంటుంది. పైకి పోయేదాన్ని, కిందికి వచ్చేదాన్ని సెకన్ల తేడాలో దాటాల్సి వస్తే విమానం ఏమవుతుందో ఊహించండి.

ఇక గాలి గుంత అనే మాట సంగతి. బావిలా ఖాళీగా, గాలి లేకుండా ఉండే చోటు ఆకాశంలో ఎక్కడా లేదు. ఉంటే చుట్టూ ఉన్న గాలి క్షణంలో దాన్ని నింపేస్తుంది. గోదావరి మీద పడవ సుడి దగ్గరకు వచ్చినప్పుడు అటూఇటూ ఊగుతుంది. అక్కడ నీళ్లు లేక ఊగుతుందా? నీళ్లున్నాయి, అవి తిన్నగా పోవడం లేదు. విమానానికి గాలి అలాంటిదే. గాలి పైకి పోతుంటే విమానమూ పైకి పోతుంది, గాలి దిగుతుంటే విమానమూ దిగుతుంది. దిగే గాలిలో చిక్కిన విమానంలో కూర్చున్నవాళ్లకు అది గుంతలా అనిపిస్తుంది.

ఇప్పుడు ఎస్‌క్యూ 321 దగ్గరకు వద్దాం. ప్రతి పెద్ద విమానంలోనూ దాని ఎత్తు, వేగం, కదలికలు, పైలట్ల మాటలు రికార్డు చేసే పెట్టెలు ఉంటాయి. సింగపూర్ ప్రభుత్వ రవాణా భద్రతా దర్యాప్తు సంస్థ ఆ రికార్డులను పరిశీలించి, ఎనిమిది రోజులకే, 2024 మే 29న తొలి వివరాలు ప్రకటించింది. ఇవి చదివాకే మాకు ఈ వ్యాసం రాయాలనిపించింది.

అందులో "జి" అనే కొలత వస్తుంది. దాన్ని ముందుగా చెప్పుకుందాం. మనం బెంచీ మీద కదలకుండా కూర్చున్నప్పుడు మన మీద పడేది 1 జి, అంటే మన మామూలు బరువు. 2 జి అయితే మన బరువు రెండింతలైనట్టు బెంచీకి అతుక్కుపోతాం. సున్నా అయితే అంతరిక్ష యాత్రికుల్లా తేలతాం. సున్నా కన్నా కిందికి, అంటే మైనస్‌లోకి పోతే? అప్పుడు మనకు కింద నేల కాదు, పైకప్పే నేల అవుతుంది. దాని మీదకు "పడిపోతాం".

సింగపూర్ కాలం ప్రకారం సరిగ్గా మధ్యాహ్నం 3 గంటల 49 నిమిషాల 21 సెకన్లకు విమానం వణకడం మొదలైంది. అప్పుడే ఎదుగుతున్న ఉరుము మేఘాల ప్రాంతం మీదుగా అది పోతూ ఉండవచ్చునని నివేదిక చెప్పింది. 19 సెకన్లపాటు జి విలువ 0.44 కూ 1.57 కూ మధ్య ఊగింది. అదే సమయంలో కింది నుంచి పైకి లేచిన గాలి విమానాన్ని ఎత్తేసింది. పైలట్లు అడగకుండానే అది 37,000 నుంచి 37,362 అడుగులకు చేరింది. ఎత్తును చూసుకునే ఆటోపైలట్ యంత్రం, పెరిగిన ఎత్తును తగ్గించడానికి ముక్కును కిందికి వంచింది. ఇంకోవైపు వేగం హద్దు దాటుతోంది. పైలట్లు రెక్కల మీది స్పీడ్ బ్రేకులు లేపి వేగానికి కళ్లెం వేశారు. (పేరు ఒకటే గానీ మన ఊరి రోడ్డు మీద ఉండే స్పీడ్ బ్రేకరు వేరు, ఇది వేరు. ఇది రెక్క పైభాగంలో తలుపులా లేచి గాలికి అడ్డు నిలుస్తుంది.)

49 నిమిషాల 32 సెకన్లకు, సీటు బెల్టు గుర్తు వెలిగించామని ఒక పైలట్ అన్నారు. 49 నిమిషాల 40 సెకన్లకు అసలు దెబ్బ తగిలింది. మధ్యలో ఉన్నది ఎనిమిది సెకన్లు. నిద్రలో ఉన్నవాడు మేలుకోవడానికి చాలదు. బాత్‌రూంలో ఉన్నవాడు గడియ తీసుకుని సీటు దాకా రావడానికి అసలే చాలదు.

ఆ దెబ్బ ఎలాంటిదంటే, 0.6 సెకన్లలో జి విలువ 1.35 నుంచి మైనస్ 1.5 కు పోయింది. బెల్టు లేనివాళ్లంతా ఒక్కసారిగా పైకి లేచారు. 50 కిలోల మనిషి అనుకోండి, 75 కిలోల బలం ఆ మనిషిని పైకప్పు వైపు తోసినట్టు. కూర్చున్న మనిషి తలకూ పైన ఉన్న అరకూ రెండడుగులే ఎడం ఉంటే, ఆ తోపుడు అదే స్థాయిలో ఉన్నప్పుడు తల తగలడానికి సెకనులో మూడో వంతు చాలు. గమన సమీకరణం తెలిసినవాళ్లు s = ½at² లో వేసి చూసుకోవచ్చు. తర్వాత 4 సెకన్లలో జి మళ్లీ మైనస్ 1.5 నుంచి ప్లస్ 1.5 కు వచ్చింది. పైకప్పుకు కొట్టుకున్నవాళ్లు ఇప్పుడు మామూలు కన్నా ఒకటిన్నర రెట్లు బరువుతో నేల మీద, సీట్ల చేతుల మీద, తోటివాళ్ల మీద పడ్డారు.

ఈ 4.6 సెకన్లలో విమానం దిగింది ఎంతో తెలుసా? 178 అడుగులు. మీటర్లలో 54. పదహారు, పదిహేడు అంతస్తుల భవనమంత ఎత్తు. 37,362 నుంచి 37,184 కు వచ్చింది. అప్పటికీ అది బయలుదేరిన 37,000 కన్నా పైనే ఉంది!

మరి 6,000 అడుగుల మాట ఎక్కడ పుట్టింది? పైలట్లు విమానాన్ని 21 సెకన్లపాటు చేత్తో నడిపి కుదుటపరిచారు. తర్వాత ఆటోపైలట్‌ను మళ్లీ పెట్టారు. గాయపడినవాళ్లున్నారని సిబ్బంది చెప్పడంతో బ్యాంకాక్ వైపు తిరిగారు. దిగాలంటే ఎత్తు తగ్గించాలి కదా. దెబ్బ తగిలిన 17 నిమిషాల తర్వాత, 37,000 నుంచి 31,000 అడుగులకు మామూలుగా దిగారు. దానికి మూడు నిమిషాలకు పైగా పట్టింది. నిమిషానికి సుమారు రెండు వేల అడుగుల చొప్పున దిగడం విమానాలకు రోజువారీ పని. విమానాల దారిని కంప్యూటర్లో చూపించే పటాల్లో ఆ దిగుడు కనిపించింది. ప్రమాదం సంగతీ ఆ దిగుడూ కలిసిపోయి "6,000 అడుగుల పతనం" అయ్యాయి. మనుషులకు దెబ్బలు తగిలింది 178 అడుగుల దగ్గర, జనం భయపడింది 6,000 అడుగులకు.

దీన్ని మేము ఇంత సాగదీయడానికి కారణం ఉంది. విమానం వేల అడుగులు పడిపోతుందనుకునేవాడికి బెల్టు మీద నమ్మకం ఉండదు. "పడేదే అయితే బెల్టు ఏం కాపాడుతుంది" అనుకుంటాడు. పడింది కొద్దిగానే అనీ, దెబ్బలన్నీ అర సెకనులో పైకప్పుకు తలలు తగలడం వల్ల వచ్చినవేననీ తెలిస్తే, నడుముకున్న ఆ రెండంగుళాల పట్టీ విలువ అర్థమవుతుంది.

ఇందులో పనిచేసింది తొమ్మిదో తరగతిలో మనం బట్టీ పట్టిన న్యూటన్ మొదటి నియమమే. బాహ్యబలం పనిచేయనంత వరకు వస్తువు తన స్థితిని మార్చుకోదు. పల్లెవెలుగు బస్సులో చివరి సీటులో కూర్చున్నవాళ్లకు ఇది పుస్తకం లేకుండానే తెలుసు. బస్సు స్పీడ్ బ్రేకరు ఎక్కినప్పుడు సీటు మనల్ని పైకి తన్నుతుంది. మరుక్షణం బస్సు వెనక భాగం దిగిపోతుంది, మనం మాత్రం పైకి పోతూనే ఉంటాం. బస్సును కిందికి లాగిన బలం మనల్ని లాగలేదు, ఎందుకంటే మనల్ని బస్సుకు కట్టింది ఏమీ లేదు. విమానంలోనూ గాలి లాగేది విమానాన్నే. మనల్ని విమానానికి కట్టి ఉంచేది బెల్టు ఒక్కటే. కట్టుకుంటే విమానం దిగినప్పుడు మనమూ దానితోపాటే దిగుతాం. కడుపులో తిప్పుతుంది, భయం వేస్తుంది, అంతే. కట్టుకోకపోతే విమానం దిగిపోతుంది, మనం ఉన్నచోటే ఉంటాం, పైకప్పు వచ్చి మన తలకు తగులుతుంది.

ఎక్కువ దెబ్బలు ఎవరికి తగులుతాయో చూస్తే బాధ కలుగుతుంది. అమెరికా విమానయాన శాఖ లెక్కల ప్రకారం 2009 నుంచి 2022 వరకు అక్కడి విమానాల్లో కుదుపుల వల్ల 163 మందికి తీవ్ర గాయాలయ్యాయి. వారిలో ప్రయాణికులు 34 మంది. మిగిలిన 129 మంది సిబ్బంది. మనకు టీ ఇస్తూ, బండి తోస్తూ, "సార్, బెల్టు పెట్టుకోండి" అని చెబుతూ నిలబడి ఉండేవాళ్లు. మనం బెల్టు పెట్టుకోవడానికి ఎంత ఆలస్యం చేస్తే వాళ్లు అంతసేపు నిలబడాలి. ఎస్‌క్యూ 321 ఘటన తర్వాత సింగపూర్ ఎయిర్‌లైన్స్ బెల్టు గుర్తు వెలిగి ఉన్నప్పుడు భోజనాలు వడ్డించడం కూడా ఆపేసింది.

రెక్కలు విరిగిపోవా అని మరో భయం. కిటికీ పక్క సీటు దొరికి, రెక్క చివర ఊగడం చూస్తే ఎవరికైనా వస్తుంది. అసలు ఊగాలనే దాన్ని అలా చేస్తారు. గాలికి వంగే వెదురు విరగదు. పెద్ద ప్రయాణికుల విమానాన్ని తయారుచేసేటప్పుడు 2.5 జి దాకా ఏ ఇబ్బందీ లేకుండా తట్టుకోవాలనీ, దానికి ఒకటిన్నర రెట్ల భారం వేసినా విరగకూడదనీ నియమం ఉంది. 1995లో బోయింగ్ కంపెనీ 777 రెక్కలను పరీక్షకు పెట్టి, యంత్రాలతో పైకి లాగుతూ పోయింది. రెక్కల చివరలు 24 అడుగులు పైకి వంగాక, నియమిత భారానికి 154 శాతం దగ్గర విరిగాయి. నియమం అడిగింది 150 శాతమే. ఎస్‌క్యూ 321 అదే రకం విమానం. లోపల అంత విధ్వంసం జరిగినా అది మరో గంట ఎగిరి బ్యాంకాక్‌లో క్షేమంగా దిగింది.

కుదుపులకు విమానం ముక్కలైన సందర్భం అసలు లేదని మాత్రం అనలేం. 1966 మార్చి 5న జపాన్‌లో ఫ్యూజీ పర్వతం పక్కగా పోతున్న బోయింగ్ 707 విమానం, కొండను దాటి వచ్చే బలమైన గాలి అలల్లో చిక్కి గాలిలోనే విరిగిపోయింది. అందులోని 124 మందీ చనిపోయారు. ఏటి మధ్య బండరాయి ఉంటే దాని వెనక నీళ్లు సుళ్లు తిరుగుతాయే, పెద్ద కొండల వెనక గాలీ అలాగే తిరుగుతుంది. నేటి పైలట్లకు కొండల దగ్గరి గాలుల గురించి ప్రత్యేకంగా నేర్పుతారు.

మబ్బులుంటే పైలట్లకు ముందే తెలియదా అని మీరు అడగవచ్చు. చాలావరకు తెలుస్తుంది. విమానం ముక్కులో రాడార్ ఉంటుంది. అది పంపిన తరంగాలు నీటి చుక్కలకు తగిలి తిరిగి వస్తే, ఎదురుగా మేఘం ఉన్నట్టు తెరపై రంగులు కనిపిస్తాయి. కానీ అది చూసేది నీటినే గానీ గాలిని కాదు. మేఘం తల భాగంలో నీరు గడ్డకట్టి మంచు పలుకులుగా ఉంటే రాడార్‌కు సరిగా ఆనదు. ఇక మబ్బే లేని చోట కుదుపులు వస్తే దానికి ఏమీ కనిపించదు.

అవును, మబ్బు లేకుండానే కుదుపులు వస్తాయి. నీలాకాశం, ఎండ, కిందంతా స్పష్టంగా కనిపిస్తూ ఉండగానే విమానం గజగజలాడుతుంది. పైలట్లకు తలనొప్పి తెచ్చేది ఇదే. పది, పన్నెండు కిలోమీటర్ల ఎత్తున గంటకు వంద కిలోమీటర్లకు మించిన వేగంతో నదుల్లా పారే గాలులు ఉన్నాయి. వీటిని జెట్ ప్రవాహాలు అంటారు. చలికాలంలో ఉత్తర భారతం మీద పడమటి నుంచి తూర్పుకు ఒకటి పారుతుంది. వర్షాకాలంలో మన దక్షిణాది మీద తూర్పు నుంచి పడమటికి మరొకటి పారుతుంది. ఈ తూర్పు జెట్ ప్రవాహాన్ని 1950లలో పరిశోధించి ప్రపంచానికి తెలియజేసింది మన తెలుగువాడు, తర్వాత భారత వాతావరణ శాఖకు అధిపతి అయిన పంచేటి కోటేశ్వరం గారు. ఈ పేరు మన పాఠాల్లో కనిపించదు, అందుకని ఇక్కడ రాస్తున్నాం.

జోరుగా పారే కాలువలో మధ్య నీళ్లు వేగంగా, ఒడ్డు పక్క నీళ్లు మెల్లగా పోతాయి. రెండూ ఒరుసుకునే చోట చిన్న చిన్న సుడులు లేస్తాయి. జెట్ ప్రవాహం అంచున కూడా అంతే. ఆ సుడుల్లో నీరు లేదు, ధూళి లేదు, కంటికి ఆనదు. ముందు పోయిన విమానం పైలట్ "ఇక్కడ కుదుపులున్నాయి" అని రేడియోలో చెబితే వెనక వచ్చేవాళ్లు ఎత్తు మార్చుకుంటారు. ఘాట్ రోడ్డులో ఎదురొచ్చే లారీ డ్రైవరు లైటు కొట్టి హెచ్చరించినట్టు. ఇప్పుడు కొన్ని విమానాల్లో యంత్రాలే ఆ కుదుపులను కొలిచి అందరికీ పంపే ఏర్పాటు కూడా వచ్చింది.

భూమి వేడెక్కడంతో ఈ కనిపించని కుదుపులు పెరుగుతున్నాయని ఇంగ్లండ్‌లోని రీడింగ్ విశ్వవిద్యాలయం పరిశోధకులు 2023లో ప్రకటించారు. విమానాల రద్దీ ఎక్కువగా ఉండే ఉత్తర అట్లాంటిక్ మీద ఒక చోటును తీసుకుంటే, తీవ్రమైన కుదుపులు ఉండే సమయం 1979లో ఏడాదికి 17.7 గంటలు. 2020 నాటికి అది 27.4 గంటలైంది. సగానికి పైగా పెరుగుదల. ఏడాదిలో 8,760 గంటలుంటాయి కాబట్టి ఇప్పటికీ అది తక్కువే, కాని ఎటు పోతోందో చూడండి.

మన దేశంలోనూ ఇలాంటివి జరిగాయి. 2022 మే 1న ముంబయి నుంచి దుర్గాపూర్ వెళ్లిన విమానం దిగే సమయంలో తుఫాను మేఘాల కుదుపులకు లోనై పలువురు గాయపడ్డారు. 2025 మే 21న ఢిల్లీ నుంచి శ్రీనగర్ వెళ్తున్న విమానం పఠాన్‌కోట్ దగ్గర వడగళ్ల మేఘంలో చిక్కుకుంది. ముక్కు భాగం చితికినా 200 మందికి పైగా ఉన్న ఆ విమానం క్షేమంగా దిగింది. ఎస్‌క్యూ 321 కూడా మే నెలలోనే కదా. మూడు సంఘటనలతో సూత్రం కట్టలేం గానీ, నేల బాగా కాగి, సముద్రం నుంచి తేమ వచ్చే రుతుపవనాల ముందరి రోజులు ఈ మేఘాలకు పండగ రోజులని మన మామిడి తోటల రైతును అడిగినా చెబుతాడు.

మరి మొదటిసారి ఎక్కేవాళ్లు ఏం చేయాలి? పెద్దగా చేయాల్సింది లేదు. కూర్చున్న వెంటనే బెల్టు పెట్టుకోండి. పొట్ట మీద వదులుగా కాదు, నడుము ఎముకల మీదుగా, బిగుతుగా. గుర్తు ఆరిపోయినా తీయకండి, నిద్రపోయేటప్పుడు అసలే తీయకండి. దుప్పటి కప్పుకుంటే బెల్టు దాని పైన కనిపించేలా పెట్టుకోండి, అప్పుడు సిబ్బంది మిమ్మల్ని లేపి అడగరు. బాత్‌రూంకు వెళ్లాలంటే గుర్తు ఆరి ఉన్నప్పుడు వెళ్లి త్వరగా వచ్చేయండి. లోపల ఉండగా కుదుపులు మొదలైతే గోడకున్న పిడిని గట్టిగా పట్టుకోండి. దారిలో ఉంటే దగ్గరి ఖాళీ సీటులో కూలబడండి, అది ఎవరిదైనా సరే. మోహమాటపడి మీ సీటు దాకా నడవాలని చూడకండి. టికెట్ తీసుకునేటప్పుడు ఎంచుకునే వీలుంటే రెక్కల దగ్గరి వరుసలు చూసుకోండి. అక్కడ ఊపు తక్కువ, తోక వైపు ఎక్కువ. చివరి సీటు బస్సులో ఎలాగో విమానంలోనూ అలాగే.

మా తర్వాతి బ్యాచ్ చెల్లెలు ఒకరు ఇది చిత్తుప్రతిలో చదివి, "అన్నా, మరి విమానం నడిపేవాళ్లు బెల్టు పెట్టుకుంటారా?" అని అడిగింది. పెట్టుకుంటారమ్మా. ఆకాశం ఎంత నిర్మలంగా ఉన్నా, కాక్‌పిట్‌లో తమ సీటులో ఉన్నంతసేపూ పైలట్లు నడుము బెల్టు తీయరు.